సారు రాసిన కోడు

మా ఆయన సిరిసిల్లలో సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేసేవాడు. గిరాకీ పడిపోయి షెడ్డు మూతబడ్డాక దుబాయి వెళ్ళాడు. బిడ్డ కొలువు పక్కా అయితే ఆయన్ని ఇంటికి రప్పించుకోవాలని మా తల్లీబిడ్డల ఆశ.

బిడ్డ ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, ఇతరులు రాసిన కోడు చదివి బాగుందో లేదో చెప్పేది. పక్కా చేయడం వాళ్ళ సారు చేతిలో ఉంది. ఆ రోజు ఆమె ముందుకొచ్చింది ఆ సారు కోడే.

పొద్దున పెట్టిన సర్వపిండి ముట్టలేదు. ఏమైందని అడిగాను.

"ప్రాసెసరు ఒక్కటే అమ్మా, పనులు మస్తు. ఒకటి నడుమల ఆపి ఇంకోటి పట్టుకుంటది. ఆపేటప్పుడు దాని రిజిస్టర్లల్ల, అంటే లోపలి చిన్న అరలల్ల, ఉన్న అంకెలు పక్కకు దాచాలె, మళ్ళ అచ్చినంక అవ్వే తెచ్చి పెట్టాలె. సారు ఒక్క తావుల దాచుడు మర్చిపోయిండు."

"మీ బాపు చాయ్‌కి పోతే పక్కోనికి చెప్పే పోతుండె, సాంచా ఎందుకు ఆపిండో, ఏ పోగు తెగిందో. చెప్పకుంట పోయిననాడు బట్టంత ఖరాబు."

"గదే. ఒక పని అంకెలు ఇంకో పనిల కలుస్తయి. గని సారుకు తప్పు చేసినవని ఎట్ల రాయాలె?"

నాకు కోడు తెలియదు. అక్షరాలే వయసు మళ్ళాక బిడ్డ దగ్గర నేర్చుకున్నాను; మా ఆయనకు ఇప్పటికీ రావు. నేను తప్పు రాస్తే ఆమె ఎన్నడూ కొట్టివేయలేదు. "అమ్మా, రాసింది ఒక్కసారి చదివి చెప్పు" అనేది. చదువుతుంటే తప్పు నాకే దొరికేది.

"నాకు చెప్పినట్టే చెప్పు," అన్నాను.

"సారు ఏమన్న నీ లెక్క పలక పట్టుకున్నడా?" అని నవ్వింది. కానీ అలాగే రాసింది: పని ఇక్కడ ఆగితే, మళ్ళీ మొదలైనప్పుడు ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి సార్, ఒకసారి వరుసగా చెప్తారా?

మధ్యాహ్నం బిడ్డ, రాసింది వెనక్కి తీసుకుందామా అని రెండుసార్లు నన్నే అడిగింది. సాయంత్రం సారు జవాబు వచ్చింది. "నీకు చెప్పబోతుంటే నాకే దొరికింది. సరిచేసి పంపుతా, మళ్ళ నువ్వే చూడాలె."

కొలువు సంగతి అందులో లేదు. అయినా బిడ్డ దుబాయికి ఫోను కలిపింది.

"బాపూ, ఈ ఏడు అచ్చుడేనా?"

"అచ్చి ఏం జెయ్యాలె? షెడ్డే లేకపాయె."

"అమ్మ నీకు చదువు చెప్తదట."

"మీ అమ్మనా? కొడ్తది."

ఫోను నేను అందుకున్నాను. "కొట్ట. నువ్వు రాసింది నిన్నే చదువుమంట," అన్నాను.