రాసి నిండిన పుస్తకం

బెజవాడ స్టేషనులో దిగేసరికి ఉదయం ఎనిమిదీ నలభై. మంగళగిరి నుంచి వచ్చే బండి వంతెన మీదికి రాగానే కిటికీ చెక్కలు దించమన్నారు. వంతెనను ఎవరూ చూడకూడదట. పుట్టినప్పటినుంచీ చూస్తున్న వంతెన! చెక్క సందులోంచి చూశాను. వైశాఖం కదా, కృష్ణలో నీళ్ళు రెండు పాయలయ్యాయి, మధ్య అంతా ఇసుక. ప్లాట్‌ఫారం మీద అడుగు పెడితే చెప్పుల్లోంచి సెగ తగిలింది.

నేను తుపాకీ పట్టలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను. గాలిదాడుల కాపలా దళంలో ఆడవార్డెనుగా పద్నాలుగు నెలలు చేశాను. విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డ వేసవి అది. తరవాతి వంతు బెజవాడదే అన్నారు, రైళ్ళన్నీ ఇక్కడే కలుస్తాయి గనుక. ఊళ్ళో సగం మంది బండ్లు కట్టుకుని పల్లెలకు పోయారు. నేను ఎదురు వచ్చాను. నూలు రావడం ఆగిపోయి మా మగ్గం గుంటలో పిల్లి ఈనింది. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు, ఇద్దరు మనవరాళ్ళు, ఆయన పోయి ఆరేళ్ళు. ఊరికే కూర్చుని తినడం నాకు చేతకాదు.

మా పోస్టు నంబరు ఏడు. బందరు కాలవ గట్టున పాత బంగళాలో ఆడపిల్లల బడి ఉండేది, దాన్ని మూసి మాకిచ్చారు. పోస్టు పెద్ద ఒక పాత హవల్దారు. మొదటి యుద్ధంలో బస్రా పోయి రెండు వేళ్ళు పోగొట్టుకుని వచ్చాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం చదివారు అక్కగారూ?"

"మూడో క్లాసు. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు రాదు."

"పరవాలేదు లెండి. బాంబుకూ రాదు."

సామాను అప్పజెప్పాడు. ఇనప టోపీ ఒకటి. ఈల ఒకటి. చేతికి కట్టుకునే ఖాకీ పట్టీ ఒకటి. ఇసుక బకెట్లు ఎనిమిది. నీళ్ళు కొట్టే చేతిపంపు ఒకటి. చేత్తో తిప్పే సైరను ఒకటి. టెలిఫోను ఒకటి. ఆడవాళ్ళకు పగటి కాపలా, ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. టోపీ ఎండకు పెనంలా కాలేది, లోపల తడిగుడ్డ పెట్టుకునేదాన్ని. బడి ఆవరణలో నడుం లోతు కందకం తవ్వారు, అందులో కప్పలు చేరాయి.

టెలిఫోను దగ్గర శేషారత్నం. ఇరవై ఏళ్ళుంటాయి. తొమ్మిదో ఏట పెళ్ళి, పదమూడో ఏట ముండమోసింది. బెజవాడలో అన్నగారింట్లో ఉండి, పోరుపెట్టి, ఈ బడిలోనే ఎనిమిదో క్లాసు దాకా చదివింది. తెల్లచీర, చేతిలో ఎప్పుడూ అరిగిపోయిన పెన్సిలు. ఇంగ్లీషు మాటలు తెలిసింది మా పోస్టులో ఆమెకే.

"హలో, పోస్టు ఏడు. పసుపా? పసుపు అందింది."

పసుపంటే శత్రు విమానం ఎక్కడో కదిలిందని. ఎరుపంటే సైరను తిప్పాలి. తెలుపంటే గండం గడిచిందని. పద్నాలుగు నెలల్లో పసుపు చాలాసార్లు వచ్చింది. ఎరుపు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ ఆకాశంలో గద్దలే ఉన్నాయి.

"పిన్నిగారూ, ఆ గద్దకి చెప్పండి, దీపాలార్పుకోమని" అనేది శేషారత్నం. నేను నవ్వేదాన్ని కాను. తరవాత కందకం వైపు పోయి నవ్వుకునేదాన్ని.

ఆ రోజుల్లో మా పోస్టుకు రెండు రకాల పెద్దమనుషులు వచ్చేవారు. ఒకాయన అరుగు మీద కూర్చుని, యుద్ధానికి సాయపడండి, లేకపోతే దేశం పోతుంది అనేవాడు. మర్నాడు ఇంకొకాయన అదే అరుగు మీద కూర్చుని, సాయపడితేనే దేశం పోతుంది అనేవాడు. ఇద్దరూ మా కుండలో నీళ్ళే తాగారు. కుండ నింపడానికి ఒక్కరూ లేవలేదు. ఇప్పుడు జెండా మారింది, ఆ ఇద్దరూ ఒకే పార్టీలో ఉన్నారు. కుండ సంగతి నాకు తెలియదు.

ఇంకో మాట కూడా అంటాను, కోపం వచ్చేవాళ్ళకు రానీండి. ఊరికి భయం పట్టగానే మొదట మూసింది ఆడపిల్లల బడి. సినిమా హాలు మూయలేదు. దేశరక్షణకు అడ్డం వచ్చింది ఆ పిల్లల పలకలేనా? అప్పుడు నాకూ ఇది తోచలేదు. చదువుకున్న ఆడది ఏం ఉద్ధరిస్తుందిలే అనుకునే రకాన్ని నేను. అందుకే ఇప్పుడు చెప్పబోయే పని జరిగింది.

జ్యేష్ఠంలో ఉత్తర్వు వచ్చింది. కిటికీ అద్దాలన్నిటికీ కాగితపు పట్టీలు అడ్డంగా, ఐమూలగా అంటించాలి. బాంబు పడితే అద్దం పెంకులు లేచి మనుషులకు గుచ్చుకోకుండా. పదకొండు కిటికీలు, అరవై ఆరు అద్దాలు, వారం గడువు.

"కాగితమో?" అన్నాను.

"కాగితం పంపలేదు. మీరు చూసుకోండి అక్కగారూ" అన్నాడు హవల్దారు.

బజారుకు పోయాను. కొట్టు షావుకారు, కాగితం ఎక్కడుందమ్మా, యుద్ధానికి పోయింది అన్నాడు. వెనక గదిలో రీములు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. తలుపు ఓరగా ఉంది, నా కళ్ళతో చూశాను. ఆయన ఇవాళ కూడా వ్యాపారుల సభల్లో దేశసేవ గురించి మాట్లాడుతున్నాడు. నేను తిరిగి వచ్చి బడి బీరువా తీశాను.

అందులో ఖాళీ పుస్తకాలు పదమూడు, పిల్లల కోసం తెప్పించినవి. వాటిని ముట్టుకోలేదు. మళ్ళీ గుడ్డలో చుట్టి పైఅరలో పెట్టాను. కింద అట్టవేసిన పెద్ద పుస్తకాలు నాలుగు ఉన్నాయి. మందపాటి కాగితం. ప్రతి పేజీ ఇంగ్లీషులో, రెండు వైపులా, చివరి గీత దాకా రాసేశారు. ఇంక ఒక్క అక్షరానికి చోటు లేదు. నా లెక్కలో చిల్లుపడ్డ కుండ ఎంతో అదీ అంతే. రాసి నిండిపోయిన పుస్తకం, అయిపోయిన పుస్తకం.

ఆ రోజు శేషారత్నం రాలేదు, వాళ్ళింట్లో తద్దినం. హవల్దారు రైలుయార్డుకు పోయాడు. అడగడానికి ఎవరూ లేరు. ఉన్నా అడిగేదాన్ని కానేమో.

రెండు వేళ్ళ వెడల్పున నిలువుగా కోశాను, పొడుగు పట్టీలు వస్తాయని. గంజి నేనే కాచాను. పడుగుకు గంజి పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని, నాకొకరు చెప్పాలా? పిండిలో తుమ్మబంక కలిపాను. పురుగు పట్టకుండా రవ్వంత మైలుతుత్తం వేశాను. కుంచెతో పూసి, బొటనవేలితో రుద్ది అంటించాను. నాలుగు రోజుల్లో అరవై ఆరు అద్దాలు. తనిఖీకి వచ్చిన అధికారి గోటితో గీకి చూశాడు. ఊడలేదు. "టౌను మొత్తానికి ఇదే మంచి పని" అన్నాడు. ఆ మాట నేను చాలా రోజులు తలలో మోశాను.

దసరా వెళ్ళాక శేషారత్నానికి ఉత్తరం వచ్చింది. గుంటూరులో పంతులమ్మల ట్రైనింగు. చోటు ఇస్తారు. ఎనిమిదో క్లాసు ప్యాసైనట్టు బడి కాగితం ఇరవై ఒక్క రోజుల్లో చూపించాలి. లేకపోతే చోటు ఇంకొకరికి. అన్నగారు అప్పటికే చెప్పేశాడు: చోటు దొరక్కపోతే దివిసీమలో అత్తవారింటికి పోవాలి, అక్కడ మంచంపట్టిన మామగారికి వండిపెట్టే మనిషి కావాలి.

ఆమె ఉత్తరం చదివి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "బడి రిజిస్టరులో ఉంటుంది పిన్నిగారూ. అట్ట పుస్తకం, పెద్దది. అందులోంచి కాగితం రాయించుకోవాలి. బీరువా తాళం ఇస్తారా?"

అప్పుడు తెలిసింది నాకు. నా వెనకే కిటికీ ఉంది.

తాళం ఇచ్చాను. ఆమె వెతికింది. లేదు. "ఇంకో పెట్టెలో ఉంటుందిలే, చూద్దాం" అన్నాను. ఆ మాట అన్నది ఈ నోరే. ఆమెతో పాటు నేనూ వెతికాను. అటక ఎక్కాను, దుమ్ము దులిపాను. ఎనిమిది రోజులు వెతికినట్టు నటించాను. అధికారి మెచ్చుకున్న పని, హవల్దారు నలుగురికీ చూపించే పని. తప్పని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఎలాగో ఒక దారి దొరుకుతుందిలే అనుకున్నాను. కిటికీ చెక్కలు దించినంత మాత్రాన వంతెన లేకుండా పోతుందా?

తొమ్మిదో రోజు ఆమె కిటికీ బయట నుంచుని సైరను స్తంభం తుడుస్తోంది. చెయ్యి ఆగిపోయింది. అద్దానికి దగ్గరగా వచ్చింది. పెదాలు కదిలాయి. ఐమూలగా ఉన్న పట్టీ మీద పై నుంచి కిందికి పేర్లు చదువుతోంది. తొమ్మిదోది తనది.

లోపలికి వచ్చింది. "ఎవరు కోశారండీ?"

"నేను."

"ఎప్పుడు?"

"జ్యేష్ఠంలో."

"మరి ఈ ఎనిమిది రోజులూ...?"

ఆమె కూర్చుంది. "ముందే చెబితే తిట్టి ఊరుకునేదాన్ని పిన్నిగారూ" అంది. అంతే.

బడి పెద్ద పంతులమ్మగారు ఊరు ఖాళీ అయినప్పుడు చల్లపల్లి దగ్గర తన పల్లెకు పోయారు. ఆమె సంతకం పెడితే రిజిస్టరు లేకపోయినా సరిపోతుంది. ఆ రోజే ఉత్తరం రాశాం. నాలుగో రోజు జవాబు వచ్చింది, వాళ్ళ తమ్ముడి చేతిరాత. అక్కయ్య జ్వరంతో పోయారు, మీ ఉత్తరానికి మూడు రోజుల ముందు. నేను వేళ్ళు మడిచి చూసుకున్నాను. మొదటి రోజే చెప్పి ఉంటే ఆమె బతికుండగా ఉత్తరం అందేది.

మిగిలింది కిటికీయే. పట్టీలు ఊడదీద్దామని ఒక మూల తడిపి చూస్తే సిరా కరిగిపోయింది, గంజి మాత్రం కదలలేదు. నా గంజి! నిలువుగా కోశాను గనుక పేర్లన్నీ ఒక పట్టీలో పోయాయి, చదివిన క్లాసులన్నీ ఇంకో పట్టీలో. రెండు రోజులు అరవై ఆరు అద్దాలూ చూశాను. ఇంగ్లీషు అక్షరం రాకపోయినా అంచు చూడటం వచ్చు. తెగిన పోగు ఏ పోగుదో తెలియనివాళ్ళు మగ్గం మీద కూర్చోలేరు. పేర్ల పట్టీ అంచున తెగిన ఒక సిరా తోక, మూడో కిటికీలో ఒక క్లాసు పట్టీ అంచున మొదలయింది. తొమ్మిదో వరసలో శేషారత్నం వేలు పెట్టి చదివింది. "ఎనిమిది. ప్యాసు."

హవల్దారు బద్దలు ఊడదీసి రెండు అద్దాలూ చేతికిచ్చాడు. "ఇది ఉత్తర్వుకి విరుద్ధం. మధ్యాహ్నం రెండు కొట్టేలోపు మళ్ళీ బిగించాలి. పొండి" అన్నాడు. గడువులో పంతొమ్మిదో రోజది. ఆమె ఒక అద్దం, నేనొక అద్దం, దుప్పట్లో చుట్టి చంటిపిల్లల్లా ఎత్తుకుని గట్టు వెంట బడుల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు నడిచాం. పదకొండింబావుకు చేరాం.

గుమాస్తా మంచివాడే. మంచినీళ్ళు ఇప్పించాడు. అద్దాలు బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కళ్ళజోడు తుడుచుకుని చూశాడు.

"పేరు ఇక్కడుంది. చదువు అక్కడుంది. రెండూ ఒకరివే అని ఎవరు చెప్పాలమ్మా?"

"నేను చెబుతాను" అన్నాను.

"మీరెవరు?"

"కోసినదాన్ని."

"తమరు ఎంతవరకు చదివారు?"

"మూడో క్లాసు."

ఆయన వెటకారంగా అనలేదు. బాధగానే అన్నాడు. "మూడో క్లాసు ఆవిడ సాక్ష్యం మీద ఎనిమిదో క్లాసు కాగితం ఎలా రాయనమ్మా? పైవాళ్ళు నన్ను ఊరుకోరు."

"ఇంకో పరీక్ష పెట్టండి. ఇప్పుడే రాస్తాను" అంది శేషారత్నం.

"దానికి రూలు లేదమ్మా."

ఇరవై ఒకటో రోజూ వెళ్ళిపోయింది. కార్తీకంలో ఆమెను దివిసీమ పడవ ఎక్కించారు. టెలిఫోను దగ్గరకు ఎవరో పిల్లవాడు వచ్చాడు. పసుపును పచ్చ అనేవాడు.

బెజవాడ మీద ఒక్క బాంబూ పడలేదు. అందుకు దేవుడికి దణ్ణం పెడతాను. కాని ఒకటి మాత్రం నేనే వేశాను, ఆ పిల్ల మీద. మన ప్రభుత్వం వచ్చింది కదా, ఇప్పుడైనా మారిందా అంటే, మొన్న మా ఊళ్ళో రేషను ఆఫీసుకు చోటు కావలసి వచ్చి మళ్ళీ బడినే చూశారు. నేను పోయి గుమ్మంలో కూర్చున్నాను. ముసలిదానికి మతి లేదన్నారు. లేవలేదు. లోపల బీరువాలో రాసి నిండిన పుస్తకాలున్నాయి, వాటికి తాళం వేసి కాపలా పెట్టండి, తరవాత మాట్లాడదాం అన్నాను.

పద్నాలుగు నెలలయ్యాక టోపీ, ఈల, పట్టీ అప్పజెప్పి సంతకం చేశాను. సాయంత్రం నాలుగూ పదికి మంగళగిరి బండి. వంతెన మీద కిటికీ చెక్కలు దించమనే ఉత్తర్వు ఇంకా ఉంది. ఈసారి సందులోంచి చూడలేదు. కళ్ళు మూసుకున్నాను.

మూసుకుంటే కనపడింది. ఇప్పటికీ కనపడుతుంది. ఆఫీసు నుంచి వచ్చిన మధ్యాహ్నం, రెండుకు పది నిమిషాలు. అద్దాలు మళ్ళీ బిగించాలి. నేను గది లోపల, సుత్తితో. ఆమె బయట ఎండలో, అద్దం జారిపోకుండా రెండు అరచేతులూ ఆనించి పట్టుకుని ఉంది. నుదుటి దగ్గర నుంచి గడ్డం దాకా ఐమూలగా కాగితం. దానికి అటూ ఇటూ రెండు కళ్ళు, నా వైపే. "కొట్టండి పిన్నిగారూ, నేను పట్టుకున్నాను" అంది. నాలుగు మేకులు. నేను కొట్టాను.