ఎనభై నాలుగు మీటర్ల కింది పొత్రం

శనివారం పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు కంపెనీ జీపు మా ఊళ్లోకి వచ్చింది. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, అప్పుడే గోడ గడియారం చూసుకుని, హుకుంపేట సంతకు పోయే ఆటో తప్పిపోయిందని తిట్టుకుంటున్నాను. గడియారం చూడడం, అంకెలు చదవడం, పేరు రాయడం నాకు అరవై దాటాకే వచ్చాయి. మా ఊరి సాయంత్రం బడిలో పలక మీద దిద్దుకున్నాను. అప్పటినుంచి ఎక్కడ అక్షరం కనబడినా వదలను. సబ్బు మీద, బియ్యం సంచి మీద, బస్సు వెనకాల, అన్నీ చదువుతాను. చదువుతాను గానీ, అదేమిటని అడగను. అలా అడగకపోవడం వల్లే మా మరిది దొంగ కాబోయాడు.

కంపెనీ వాళ్లు కొన్ని నెలలుగా మా కొండ మీద బోరు వేస్తున్నారు. నీళ్ల కోసం కాదు, భూమి లోపల ఏముందో చూడడానికి. మిషను లోపలికి దిగి రోకలంత లావున గుండ్రటి రాతి కడ్డీలు పైకి తెస్తుంది. వాటిని వరసగా పెట్టెల్లో పేర్చి ఊరి చివర రేకుల షెడ్డులో పెడతారు. ఆ షెడ్డుకు కాపలా మా మరిది. నా మొగుడు పోయాక నా ఇంటి కప్పు నేసింది వాడే, నా కాఫీ గింజలు మోసింది వాడే. ఇదే పని చేసే ఇంకో కంపెనీ కొండ అవతల గుడారాలు వేసుకుంది. ఒకరికి దొరికింది రెండోవాళ్లకు తెలిసిపోతుందేమోనని ఇద్దరికీ భయమే.

వెతికేవాళ్ల మీద నాకు కోపం లేదు. వెనకటికెవరో వచ్చి గోతులు తవ్వి పూడ్చకుండా పోతే మా ఆవు పడి కాలు విరిగింది. వీళ్లు అలా చేయలేదు. ఊరిని కూర్చోబెట్టి అడిగారు, తవ్విన గొయ్యి ఎప్పటికప్పుడు పూడ్చారు, మేం నీళ్లు తెచ్చుకునే గెడ్డలోకి బురద వదలలేదు. అయితే ఆ పెట్టెల్లో రాళ్లు ఎందుకు దాస్తున్నారో, వాటిని ఎందుకు ముట్టకూడదో మాత్రం ఎవరూ మాకు చెప్పలేదు.

జీపులోంచి పెద్ద సారు దిగాడు. వెనకే రాళ్లు చూసే మేడం దిగింది, మా మనవరాలి వయసుంటుంది. డ్రైవరు బండికి ఆనుకుని నిలబడ్డాడు. మా ఊరి పెద్దను పిలిచారు, ఆయన నాకు మేనల్లుడి వరస. నేనూ వెళ్లాను. షెడ్డు ముందు మా మరిది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, పక్కన వాడి పెళ్లాం.

పెట్టెలోంచి ఒక రాయి పోయింది. పోయి రెండు వారాలైంది. ఈ మాట నాకు ముందే తెలుసు, ఊరంతటికీ తెలుసు. వాడు రాయి తీసి అవతలి కంపెనీకి అమ్మాడని సారు అనుమానం. రాయి పోయిందన్న వారంలోనే నేను కూడా వాడి గుమ్మంలో నిలబడి అడిగాను. "నిజం సెప్పరా, అమ్మేసినావా?" అని. వాడు నా మొహం చూసి లోపలికి పోయాడు.

"అవతలి క్యాంపు వాళ్లతో టీ తాగావా, లేదా?" అన్నాడు సారు.

"తాగినాను బాబూ. ఆళ్లు పోయించినారు, తాగినాను. టీ తాగితే రాయి అమ్మేసినట్టేనా?"

"మరి రాయి ఎక్కడికి పోయింది?"

"దానికి కాళ్లొచ్చినాయేమో సార్," అని డ్రైవరు నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

మా తోటికోడలు ముందుకొచ్చింది. "మా ఇల్లు ఎతికేసుకోండి బాబూ. కుండలు బోర్లించి సూడండి. రాయిని అమ్ముకునే ఖర్మ మాకేటి? ఈ కొండంతా రాయే గదా!"

"ఈ సాయంత్రం లోపల చెప్పకపోతే పోలీసు కేసు పెడతాం. పై ఆఫీసుకు నీ పేరు రాసి పంపేశాను," అన్నాడు సారు.

కేసు అనే మాట వినగానే మా తోటికోడలు కింద కూలబడింది.

మేడం ఫోను తీసి, రాయి పోకముందు ఆ పెట్టెకు తీసిన ఫోటో చూపించింది. ఊరి పెద్ద కళ్లు చికిలించి చూసి ఫోను నా ముందుకు తోశాడు. "అత్తా, నువ్వు సదువుకున్నదానివి గదా, ఏటుందో సూడు," అన్నాడు. అందులో కొంచెం వెటకారం కూడా ఉంది.

చూశాను. రాళ్లు వరసగా ఉన్నాయి. మధ్యలో ఒకటి జానెడు పొడుగుంది, దాని ఒంటి మీద దానిమ్మ గింజల్లాంటి ఎర్ర చుక్కలు. దాని మీద నల్ల సిరాతో అంకెలు, ఎనిమిదీ నాలుగూ.



ఆ అంకెలు నేను చదివాను. మా ఇంట్లో, నా చేతిలో పట్టుకుని, పైకి చదివాను. మా మరిదికి అంబలి తెచ్చిచ్చిన రోజు పెట్టెలు ఎండలో పెట్టి ఉన్నాయి. పక్కన విరిగిన ముక్కల కుప్ప ఉంది. కావాలంటే తీసుకోండని కూలీలు అంటే ఆడవాళ్లు పొయ్యి రాళ్లకని పట్టుకెళ్లేవారు. కుప్పలో మంచివి లేవు. పెట్టెలో ఉన్నది నున్నగా, సరిగ్గా సన్నికల్లు మీద నూరే పొత్రంలాగా కనిపించింది. నా పాత పొత్రం పగిలి ఉంది. వాడు అవతలికి తిరిగి తాగుతున్నాడు, నేను తీసి అంబలి తెచ్చిన ఖాళీ గిన్నెలో వేసుకున్నాను. దొంగతనమని మనసుకే తట్టలేదు. మా కొండ రాయిని ఒకరిని అడిగేదేమిటి? పోయింది ఒక రాయి అని అందరూ అంటున్నా, నా పొత్రం గుర్తుకే రాలేదు. ఇంట్లోకి వచ్చాక నాకది రాయి కాదు, పొత్రం.

ఎవరితో మాట్లాడకుండా ఇంటికి వెళ్లి దాన్ని తెచ్చి మేడం చేతిలో పెట్టాను.

"ఇదేనా?"

మేడం దాన్ని తిప్పి తిప్పి చూసింది. అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. మిరపకాయ వాసన వస్తోంది. ఒక చివర వేలితో తడిమి ఆగిపోయింది.

"ఇక్కడ నల్లగా ఉండాలి కదమ్మా?"

"ఉండీది. పచ్చడంతా నల్లబడతంటే గెడ్డలో ఇసకేసి అరగదీసినాను."

సారు జీపు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

మేడం మెల్లగా చెప్పింది. వాళ్లు వెతికేది ఆ నలుపునే. పెన్సిల్లో ములుకు ఉంటుందే, ఆ జాతి. బ్యాటరీల్లో వాడతారట. ఎనభై నాలుగు మీటర్ల లోతున మామూలు రాయి అయిపోయి ఆ నలుపు మొదలయ్యే చోటు ఈ ముక్కే. నేను ఆ అంకెలను రాళ్ల లెక్క అనుకున్నాను. అంత లోతు నుంచి పైకి తెచ్చిన దాన్ని పచ్చడి బాగుండాలని ఇసకతో తోమి గెడ్డలో వదిలేశాను. ఆ నిమిషంలో నాకు అన్నిటికంటే పెద్ద దెబ్బ అది కాదు. మా మరిది నన్ను చూస్తున్నాడు. కోప్పడలేదు, తిట్టలేదు, ఊరికే చూస్తున్నాడు. వాడి గుమ్మంలో నేనన్న మాట నా చెవుల్లోనే ఉంది.

సారు లేచాడు. "సరే, అయిపోయిందేదో అయిపోయింది. సోమవారం డ్యూటీకి వచ్చేయ్," అన్నాడు.

"రాను," అన్నాడు మా మరిది.

"ఏం?"

"పైకి నా పేరు రాసి పంపినారు గదా. ఈడు దొంగ కాదని అలాగే రాసి పంపండి. ఇక్కడే, ఇంతమందిలో రాయండి. అప్పుడు ఆలోసిత్తాను."

"నోటితో చెప్పాను కదయ్యా!"

"నేను నోటితో సెప్తే మీరు నమ్మినారా బాబూ?"

సారు మొహం ఎర్రబడింది. మేడం జీపు బానెట్ మీద కాగితం పెట్టి తెలుగులోనే రాసింది. "సదివీది మా వదినే," అన్నాడు వాడు. నేను కూడబలుక్కుంటూ పైకి చదివాను. ముక్క పొరపాటున కనబడకుండా పోయి తర్వాత దొరికిందని ఉంది.

"ఇలా రాత్తే మళ్లీ ఈడి మీదే పడద్ది. నేను తీసినానని రాయమ్మా," అన్నాను.

"మీ మీద కేసు అవుతుందేమో."

"అవనీ. నేను తీసిందే గదా."

మేడం ఆ మాట రాసింది. దాని కింద, పెట్టెలు తాళం లేకుండా బయట ఉంచామనీ, అవి ఏమిటో ఊరివాళ్లకు చెప్పలేదనీ కూడా రాసింది. "అదెందుకు?" అన్నాడు సారు. "అదీ జరిగిందే కదా సార్," అంది. మళ్లీ మొదటినుంచి చదివాను. మా మరిది ప్రతి ముక్కకీ తల ఊపాడు. ఫోటో తీసి అక్కడినుంచే పైకి పంపించారు.

రేపు ఎవరూ మేం వినలేదని అనకుండా, అక్కడున్న వాళ్లందరి పేర్లూ కాగితం కింద రాయమన్నాడు వాడు. కాగితంలో పేర్లున్నాయి, ఇక్కడ మనుషులను రాస్తున్నాను. కంపెనీ పెద్ద సారు. రాళ్లు చూసే మేడం. నవ్విన డ్రైవరు. నన్ను అత్తా అని పిలిచే మా ఊరి పెద్ద. నేల మీంచి ఇంకా లేవని మా తోటికోడలు. వేలిముద్ర వేసిన మా మరిది. సంతకం పెట్టిన నేను.