అమ్మ కోసం నీళ్ళలోకి

మా అమ్మకు ఎనభై మూడేళ్ళు. వాళ్ళ నాయనను ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆమె కడుపులో ఉండంగానే ఆయన పెద్దమండ్యం నుంచి అండమాన్‌కు కొయ్య కొట్టే పనికి పోయినాడు. ఆ వెనకే యుద్ధమొచ్చి ఆ దీవులు జపానోళ్ళ చేతిలో పడినాయి. ఉత్తరాలు నిలిచిపోయినాయి. యుద్ధం ముగిసినాక తిరిగొచ్చిన ఒకాయన, "కొందరిని పడవలెక్కించి నడిసముద్రంలో తోసేసినారు. మీ ఆయన గూడా వాళ్ళల్లో ఉండాడు" అని మా అవ్వకు చెప్పి పోయినాడంట.

పుంగనూరులో టీచరుగా చేసి నేను పోయినేడు రిటైరైనాను. ఆ మర్నాడే అమ్మ నా ముందర కూర్చుంది.

"ఇంక నీకు బడి లేదు గదా పాపా. నన్ను ఆ అండమాన్‌కు తీసకపో."

"ఈ వయసులోనా? నీ మోకాళ్ళు ఎట్లుండాయో సూసుకున్నావా?"

"మోకాళ్ళుండేది నడిసేదానికే గదా."

మదనపల్లె డాక్టరు గుండె పరీక్ష చేసి, పోవచ్చన్నాడు. కుప్పంలో రైలెక్కి చెన్నైకి, ఆడినుంచి విమానంలో పోయినాము. విమానం దిగేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు, కానీ భయమని ఒక్కసారి గూడా అనలేదు.

యుద్ధంలో పోయినోళ్ళ స్మారకం దగ్గర రాతి మీద పేర్లన్నీ నేను గట్టిగా చదివినాను. తాత పేరు లేదు. అమ్మ మళ్ళా మొదటినుంచి చదవమంది. చదివినాను. లేదు. అక్కడి కాపలాదారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగాయన. "పేర్లు దొరకనోళ్ళు చాలామంది ఉన్నారమ్మా" అన్నాడు.

"రాయకపోతే పోనీలే. నేను పిలుస్తా" అంది అమ్మ. రాతి మీద చెయ్యి పెట్టి, తండ్రిని పేరు పెట్టి పిలిచింది. "నాయనా, నేను నీ కూతుర్ని. వచ్చినా."

మర్నాడు ఇంకో దీవికి పోయినాము. ఆ ఒడ్డున ఈత రానోళ్ళను గూడా చెయ్యి పట్టుకుని సముద్రం అడుగుకు తీసకపోతారు. అమ్మ బోర్డు చూసి, అదేందని అడిగింది. చెప్పినాను.

"అట్లయితే నువ్వు పో. లోపల ఎట్లుండాదో సూసొచ్చి నాకు చెప్పు."

నాకు నీళ్ళంటే హడలు. తొమ్మిదేళ్ళప్పుడు చేని బావిలో పడితే జుట్టు పట్టి లాగినారు. అయినా అమ్మకు కాదని చెప్పలేక సంతకం పెట్టి, ఆ బిగుతు బట్టలేసుకున్నాను. నడుము లోతులో తల ముంచంగానే ఆ బావి గుర్తొచ్చింది. నోట్లో పెట్టిన గాలి గొట్టం ఊడబెరికి, పరుగున ఒడ్డుకొచ్చేసినాను.

అమ్మ తిట్టలేదు. తన కొంగుతో నా మొహం తుడిచింది. "రోంత సేపు ఊపిరి పీల్చుకో. మళ్ళా పో."

ఆ మాటతో నాకు రోషమొచ్చింది, అమ్మ మీద కాదు, నా మీదే. ఎనభై మూడేళ్ళామె ఇంత దూరం వచ్చింది. నేను నడుము లోతు నీళ్ళకు ఓడిపోతానా? తిరిగి పోయినాను. ఈసారి లెక్కబెట్టుకుంటా ఊపిరి తీసినాను. నేర్పించే అబ్బాయి బాగుండాదా అని సైగ చేస్తే, బళ్ళో అలవాటుగా బొటనవేలు పైకెత్తినాను. నీళ్ళలో దానికి అర్థం పైకి పోదామని! పాపం, నన్ను పైకి లాక్కొచ్చేసినాడు. ఇద్దరమూ నవ్వుకుని మళ్ళా మునిగినాము.

అడుగున మోకాళ్ళూని కూర్చున్నాను. నా ఊపిరి శబ్దం తప్ప ఇంకేమీ లేదు. పసుపు చేపల గుంపు ఒకటి నా మొహం ముందర నుంచే పోయింది. ఇసుకను అరచేత్తో తాకి, తాతకు దండం పెట్టుకున్నాను. మొహానికి పెట్టిన అద్దంలోపల కండ్లు నిండిపోయినాయి.

బయటికొచ్చి అమ్మ పక్కన కూలబడినాను.

"సీకటిగా ఉండాదా?" అనడిగింది.

"లేదుమా. ఎండ అడుగుదాకా దిగుతాండాది. చేపలుండాయి, తెల్ల ఇసుక ఉండాది. నెమ్మదిగా ఉండాది."

అమ్మ సముద్రానికి ఒకసారి చేతులెత్తి మొక్కింది. తరువాత నా భుజం పట్టుకుని లేచింది.

"ఆకలైతాండాది పాపా. ఈడ అన్నం యాడ దొరుకుతాదో సూడు."