ఒక్క బల్బుకే, పాపా

ఆ రోజుల్లో కరెంటు పోతే నాకు పండగలా ఉండేది. ఈ మాట ఇప్పుడు మా ఆఫీసులో అంటే నా ఉద్యోగానికే ఎసరు, ఎందుకంటే కరెంటు పోయినా పోయినట్టు తెలియకుండా చూడటమే నా ఉద్యోగం. (ఆ రోజులంటే ఏ లాంతర్ల కాలమో అనుకునేరు, పట్టుమని పదేళ్ళు కాలేదు.) కానీ ఇరవై రెండేళ్ళ వయసులో, తెలిసినవాళ్ళు ఒక్కరూ లేని మైదుకూరులో, ఒక మేడమీది గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫ్యాన్ల రొద తప్ప ఇంకో గొంతు వినని మనిషికి, కరెంటు పోవడమంటే ఎవరో ఒకరు మెట్లెక్కి పైకి రావడం. వాళ్ళు తిట్టడానికి వచ్చినా సరే, నాకు సంతోషమే.

ఉద్యోగం చూడటానికి గొప్పదే. గదిలో నిలువెత్తు ఇనుప బీరువా ఒకటి, దాన్ని ర్యాక్ అంటారు. అందులో ముగ్గురి సర్వర్లు ఉండేవి. ఊరికి కేబులూ ఇంటర్నెట్టూ ఇచ్చే ఆయనది ఒకటి (ఊళ్ళో అందరికీ ఆయన డిష్ అన్న), రక్తపరీక్షల ల్యాబుది ఒకటి, చీరల ఆర్డర్లు తీసుకునే చేనేత సొసైటీది ఒకటి. ఎవరికి వాళ్ళు గదీ ఏసీ పెట్టుకోలేక ముగ్గురూ ఒకే బీరువాలో కాపురం పెట్టారు. ఆ కాపురానికి కాపలాగా మా కంపెనీవాళ్ళు నన్ను నందికొట్కూరు నుంచి తెచ్చి కూర్చోబెట్టారు. ఆరు నెలలు చూసి, బాగుంటే ఖాయం చేస్తామన్నారు. ఇంటికి తిరిగొస్తే చదువు దండగ అని చెప్పడానికి మా పెదనాన్న గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు కాబట్టి, ఖాయం కాకపోవడమనే మాటే లేదు. ఆ మొదటి రెండు నెలలు నేను పడిన ఒంటరితనం చెప్తే నవ్వుతారు. చేతికి వాచీ ఉండి కూడా బస్టాండులో టైమెంతయిందని అడిగేదాన్ని. ర్యాక్‌తో మాట్లాడేదాన్ని. "ఏం, పొద్దున్నే ఆ మంటేంది నీకు?" అని ల్యాబువాళ్ళ సర్వర్‌ని గదమాయించేదాన్ని. అది ఎర్రలైటు ఆర్పి పచ్చలైటు వేస్తే మాట విన్నదని మురిసిపోయేదాన్ని.

ఎండాకాలం మొదలైంది, మధ్యాహ్నం కోతలూ మొదలయ్యాయి. మొదటి కోత రోజు కింద దుకాణంలో జాకెట్లు కుట్టే అక్క చెమటలు తుడుచుకుంటూ పైకొచ్చింది. అంతవరకు ఆమె నాకు కుట్టుమిషను చప్పుడుగా మాత్రమే తెలుసు. గుమ్మంలో నిలబడి, ర్యాక్ బ్యాటరీల మీద వెలుగుతున్న నా ట్యూబులైటు వంక చూసింది. "పాపా, ఊరంతా చీకటైపోయె, నీకు మాత్రం వెలుగుతాండాదే! కిటికీలోంచి ఒక వైరు కిందికి వదులు. ఒక్క బల్బుకే, పాపా. సూదిలో దారం ఎక్కించను కనపడ్డంలా." మా వైపు పక్కింటికి ఇన్వర్టర్ ఉంటే ఒక వైరు అడగటం, అడిగితే ఇవ్వటం మామూలే. లేదంటే ఆ వీధిలో ఇంక తల ఎత్తుకోలేం. నేను వదిలాను. వదలడమేమిటి, ఆమె నోట పాపా అన్న మాట పడగానే మొత్తం ర్యాకే కిందికి దించేసేదాన్ని.

మరుసటి రోజు అక్క సంగటి ముద్ద, చెనిక్కాయల (వేరుశెనగల) పచ్చడి తీసుకుని పైకొచ్చింది. "ఒక్కదానివే ఏం తింటాండావో ఏమో" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పచ్చడి కారం అని చెప్పాను. ఆ తర్వాత ఇద్దరికీ అలవాటైపోయింది. కరెంటు పోగానే, వైరు సరిగ్గా ఉందో లేదో చూసే వంకతో అక్క పైకి వచ్చి కూర్చునేది. లేదంటే నేనే కిందికి పోయి హుక్కులు కుట్టిపెట్టేదాన్ని. కుట్టడమంటే కుట్టడమే, కత్తెర మాత్రం ముట్టనిచ్చేది కాదు. ఒకసారి దాంతో కాగితం కోయబోతే "ఓయమ్మో, అది గుడ్డల కత్తెర! కాగితం కోస్తే సచ్చిపోతాది!" అని నా చేతిలోంచి లాక్కుంది. తర్వాత డిష్ అన్న వచ్చాడు. "ఏం పాపా, అక్కకిచ్చినావంట, మేం ఏం పాపం చేసినాం?" అన్నాడు. పక్కనే ఉన్న తన కౌంటరుకు ఒక వైరు లాక్కున్నాడు, ఒక్క ఫ్యానుకే. ఒక్క బల్బు కుట్టుమిషను మోటారయ్యింది, ఒక్క ఫ్యాను కూలరయ్యింది. వైర్లతో పాటు మనుషులూ పెరుగుతున్నారు కదా, నాకు అదే కావాలి.

అట్లా ఉండగా పాత బ్యాటరీలు ఉబ్బి చచ్చిపోయాయి. (ఎందుకు చచ్చాయో నాకప్పుడు అనుమానమైనా రాలేదు, ఎండ అనుకున్నాను.) కడప ఆఫీసులో మా పై సారు మాటలు శానా పొదుపు. ఫోన్ చేసి, "కొత్త బ్యాటరీ ఏది కావాలో నువ్వే చూసి రాయి. కోత రెండు గంటలు. బ్యాటరీ రెండు గంటలు నిలబడాల. నిలబడకపోతే బ్యాటరీని మార్చం" అన్నారు. ఎవరిని మారుస్తారో చెప్పకుండానే ఫోన్ పెట్టేశారు.

వారం రోజులు కూర్చుని లెక్కలు వేశాను. పాత రకం నీళ్ళు పోసే బ్యాటరీలు గుదిబండలు, నలభై దాటిన ఎండలో ఆవిరి కక్కుతాయి, నెలనెలా వాటికి నీళ్ళు పట్టాలి. లిథియం రకం చిన్నది, మూత వేసినది, వేడికి కొంచెం ఓర్చుకుంటుంది, ర్యాక్‌లోనే ఒదిగిపోతుంది. మూడు సర్వర్లు ఎంత లాగుతాయి, వాటి ఫ్యాన్లు ఎంత, ఇంటర్నెట్ పెట్టెలు ఎంత, చివరికి నా ట్యూబులైటు ఎంత అని చుక్క పోకుండా రాశాను. రెండున్నర గంటలు వచ్చేట్టు లిథియం ఎంచాను. ఆ కాగితం చూసుకుని నాకే ముచ్చటేసింది. కిటికీలోంచి పోయే రెండు వైర్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. దాచాలని కాదు, నమ్మండి. ఒకటి అక్క, ఒకటి డిష్ అన్న. మనుషుల్ని వాట్లలో రాయాలని నాకు తోచనే లేదు.

బ్యాటరీ వచ్చింది. పరీక్ష చూడటానికి సారు స్వయంగా కడప నుంచి వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, పదకొండు గంటలకు మేడ మొత్తానికి మెయిన్ ఆపించారు. బ్యాటరీ తెర మీద నూరు శాతం కనపడింది. నేను చిరునవ్వు పెట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలకు డెబ్బై ఎనిమిది అయింది. చిరునవ్వు కొంచెం తగ్గించాను. అరగంటకు ముప్పై అయింది. సారు గడియారం చూశారు, బ్యాటరీని చూశారు, నన్ను చూశారు. నలభై నిమిషాలకు అది కీచుమని అరిచి ఆగిపోయింది. ఫ్యాన్లు ఆగాయి. అంత నిశ్శబ్దం ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో నా ఫోను మోగింది, ల్యాబువాళ్ళు.

"ఏమ్మా, నీ రెండున్నర గంటలు యాడికి పోయినాయి?" అన్నారు సారు. నేను నోరు తెరిచేలోగా ఆయన కళ్ళు కిటికీ మీద పడ్డాయి. వైరు పట్టుకుని, దాని వెంటే మెట్లు దిగారు. వెనకాల నేను. కింద అక్క మొహం వెలిగిపోతోంది. పక్కన ఇస్త్రీ చేసిన జాకెట్లు గుట్టగా ఉన్నాయి, చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. "రా పాపా! పెద్ద బ్యాటరీ వచ్చిందంట గదా, ఇన్నాళ్ళూ బొగ్గుల పెట్టెతో సస్తాన్నా, ఈ పొద్దు దీన్ని పెట్టినా. శానా బాగా పనిచేస్తాండాది నీ బ్యాటరీ! ఇప్పుడే ఎందుకో ఆగె." నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు సర్వర్లు కలిసి లాగేదానికంటే ఆ ఇస్త్రీ పెట్టె ఒక్కటే ఎక్కువ లాగుతుంది.

సారు కోప్పడలేదు, అదే భయం. "భోజనం చేసి వస్తా. నిండా ఛార్జింగ్ ఎక్కినాక మళ్ళీ ఆపుదాం. అప్పటికి ఈ వైర్లన్నా ఉండకూడదు, నువ్వన్నా ఉండకూడదు" అని పోయారు.

నేను కటింగ్ ప్లేయరు పట్టుకుని వైరు ముందు కూర్చున్నాను. దాన్ని తెరవడం, మూయడం, అంతే. అక్కకు అంతా అర్థమైంది. "ఏముండాదిలే, వైరే గదా, కోసెయ్" అంది. అయినా నేను కదల్లేదు. "మా ఇస్త్రీ పెట్టెకు నీ ఉద్యోగం పోవాల్నా? లెయ్యి ఆడ్నుంచి" అని నన్ను పక్కకు నెట్టి, పైన ప్లగ్గు పీకించి, గోడకున్న గుడ్డల కత్తెర తీసింది. ఆ కత్తెరతోనే వైరును రెండు ముక్కలు చేసింది. కత్తెర అంచు విరిగింది. ఆమె దాన్ని వేలితో తడిమి చూసుకుని, మళ్ళీ గోడకు తగిలించింది. డిష్ అన్న తన వైరు తానే చుట్టుకుని పోయాడు.

సాయంత్రం బ్యాటరీ రెండు గంటల నలభై నిమిషాలు నిలబడింది. సారు "బాగుండాది" అన్నారు, ఆయన పొదుపుకి అది పెద్ద ఉపన్యాసం. ఉద్యోగం ఖాయమైంది. అక్కకు ఏదన్నా చెయ్యాలని, ఇస్త్రీ పెట్టెతో సహా అన్నీ లెక్కలో రాసి, ఆమె దుకాణానికి సరిపోయే ఇన్వర్టర్ ఒకటి ఎంచాను, డిష్ అన్న తెచ్చి బిగించాడు. ఈసారి లెక్క ఎక్కడా తప్పలేదు. అదే నేను చేసిన అసలు తెలివితక్కువ పని. తర్వాతి కోతకు పైన నా లైటు వెలుగుతూనే ఉంది, కింద అక్క లైటూ వెలుగుతూనే ఉంది, మెట్ల మీద ఎవరూ లేరు. అక్కకు కోపమేమీ లేదు, రావడానికి పని లేదు, అంతే. నేనైనా దిగి పోవచ్చు. ఏ వంకతో పోవాలో తోచక ర్యాక్ పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. మనిషి దగ్గరికి పోవడానికి వంక ఎందుకని నాకు అప్పుడు తట్టలేదు. ఆరు నెలలకు కర్నూలు బదిలీ అయ్యింది.

ఇప్పుడు కర్నూలులోనే అపార్టుమెంటులో ఒక్కదాన్నే ఉంటాను. పెద్దపెద్ద ర్యాకులకు బ్యాటరీలు ఎంచిపెట్టడం నా పని, నా లెక్క తప్పిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఈ అపార్టుమెంటులోనూ కరెంటు పోయేది తెలియదు, రెప్పపాటులో జనరేటరు అందుకుంటుంది. మూడేళ్ళయినా ఎదురింటావిడ పేరు నాకు తెలియదు. పోయిన ఆదివారం సాయంత్రం టీ పెట్టుకుని, దాన్ని తాగకుండా కాసేపు గోడ వంక చూసి, లేచి పోయి నా ఇంటి మెయిన్ నేనే ఆపేశాను. ఎదురింటి తలుపు కొట్టాను. ఆమె తలుపు తీసింది, వెనక హాలంతా దేదీప్యమానంగా వెలుగుతోంది.

"మీకూ కరెంటు పోయిందా అక్కా?" అన్నాను.

ఆమె తన లైట్ల వంక చూసింది, నా చీకటి గుమ్మం వంక చూసింది. "లేదే, మాకుండాది. నీకు పోయిందా ఏంది? అయ్యో, లోపలికి రా పాపా."

ముప్పై దాటినదాన్ని పాపా అని ఎవరంటారు చెప్పండి! లోపలికి పోయాను.