ఏడో నంబర్ బూత్‌లో త్రివేణి

డ్యూటీకి రెండు గంటల ముందు నుంచే త్రివేణి నీళ్లు ముట్టడం మానేసి నాలుగు నెలలైంది. హైవే మీది టోల్‌గేటులో ఏడో నంబర్ బూత్ ఆమెది. నాలుగు వైపులా అద్దాలు, ఒక తిరిగే కుర్చీ, ఒక కంప్యూటర్, చేయి పట్టేంత కిటికీ. లోపలికి పోయి గడియ పెట్టుకుంటే ఎనిమిది గంటలు. మధ్యలో బాత్రూమ్‌కు పోవాలంటే ఆఫీసుకు చెప్పాలి, బదులుగా ఇంకో మనిషి వచ్చి కూర్చోవాలి. ఆ మనిషి ఒక్కోసారి పావుగంటలో వస్తాడు, ఒక్కోసారి రానే రాడు.

మొదట్లో దాంతో ఆమెకు ఇబ్బంది లేదు. ఈ మధ్యే గంట గంటకూ లేవాల్సి వస్తోంది. నీళ్లు మానేస్తే నాలుక అట్టకట్టుకుపోతోంది తప్ప ఆ బాధ మాత్రం తగ్గడం లేదు. ఒక మధ్యాహ్నం మూడుసార్లు ఆఫీసుకు చెప్పింది. బదులు మనిషి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. తడిసిన యూనిఫాం మీద చున్నీ చుట్టుకొని, మిగిలిన రెండు గంటలూ అదే కుర్చీలో కూర్చుంది. బండ్లు వస్తూనే ఉన్నాయి.

మర్నాడు భర్త రాజేందర్ ఆమెను నిజామాబాద్‌లో తాము ఉండే గల్లీ దగ్గరి బస్తీ దవాఖానకు తీసుకుపోయాడు. రక్తం తీసి, రెండు రోజుల తర్వాత రమ్మన్నారు.

“షుగర్ అక్కా. మూడు నెలల సగటు ఎనిమిదిన్నర ఉంది,” అంది డాక్టరమ్మ.

త్రివేణికి నలభై ఆరేళ్లు. పుట్టిల్లు సిరికొండ. పెళ్లయ్యాక కూడా పదేళ్లపాటు నాట్లకూ పసుపు తవ్వకానికీ పోయిన మనిషి. ఆ మాట నమ్మలేకపోయింది.

“మా అవ్వ ఇప్పటికి మూడు పూటలు బువ్వనే తింటది మేడం. ఆమెకు లేదు, నాకెట్లొచ్చింది?”

“మీ అవ్వ పొద్దంత పని చేస్తది. పని చేసే కండ రక్తంలున్న చక్కెరను గుంజుకుంటది, ఇన్సులిన్ మాట వింటది. ఊకె కూసున్న కండ వినదు. నీ ఒంట్ల ఇన్సులిన్ ఉన్నది అక్కా, దాని మాట వినేటోళ్లే లేరు. గోలి రాస్తున్న. గోలితోని పాటు రోజు అరగంట నడువాలె.”

వారం రోజులు నడిచింది. సాయంత్రం గల్లీ పక్క గ్రౌండులో నాలుగు చుట్లు తిరిగి, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించేది. రెండో వారం షిఫ్టు మారింది. మూడో వారం పక్క బూత్ అమ్మాయి పని మానేస్తే, కొత్తవాళ్లు దొరికేదాకా అని డబుల్ డ్యూటీలు వేశారు. గ్రౌండు మాట అటే పోయింది. గోలీల కోసం మళ్లీ దవాఖానకు వెళ్లినప్పుడు డాక్టరమ్మ “నడుస్తున్నవా?” అనగానే ఆమెకు ఏడుపొచ్చింది.

“యాడ నడువాలె మేడం? తెల్లారంగ పోయి గా బూత్ డబ్బాల వడుతున్న. ఇంటికొస్తె కాళ్లు నావి కానట్టె ఉంటున్నయి.”

డాక్టరమ్మ గోలీల చీటీ పక్కన పెట్టింది. “డబ్బాల నిలవడొచ్చా?”

“నిలవడొచ్చు.”

“అయితే గంటకోసారి లేసి ఐదు నిమిషాలు నిలవడు. నిలవడి మడిమెలు లేపు, దించు. తిన్న తర్వాత మాత్రం తప్పొద్దు. పిక్కలు కూడ కండలే గద.”

మొదటి రోజు ఇరవై సార్లు లేపేసరికి పిక్కలు మండిపోయాయి. వారానికి అలవాటైంది. టిఫిన్ డబ్బా మూత పెట్టగానే కిటికీ అంచు పట్టుకొని లేచేది. చిల్లర ఇస్తూ మడిమెలు లేపేది, రసీదు ఇస్తూ దించేది. బయటివాళ్లకు కాళ్లు కనబడవు, తల మాత్రం పైకీ కిందికీ పోతుంటుంది. “కాయ్ ఝాలా తాయీ?” అని ఒక మహారాష్ట్ర లారీ డ్రైవర్ కంగారుగా అడిగాడు, ఏమైందక్కా అని. ఏం కాలేదన్నట్టు చేయి ఊపింది.

బూత్ కెమెరాకు కూడా అదే కనబడింది. షిఫ్టు సూపర్‌వైజర్ పరమేశ్వర్ డ్యూటీ దిగగానే ఆఫీసుకు పిలిచాడు. అక్కడ ఇంకో నలుగురున్నారు.

“బూత్‌ల ఫోన్ వెట్టుకొని పాటలింటున్నవా? రూల్ తెల్వదా?” అంటూ తెర మీద వీడియో పెట్టాడు. అద్దాల వెనక ఒక ఆడమనిషి నీళ్లలో మునిగి తేలుతున్నట్టు కనబడింది. నలుగురూ నవ్వారు. తనను తాను అలా చూడటం త్రివేణికి అదే మొదలు.

“నాకు షుగర్ సార్.”

నవ్వులు ఆగాయి. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. బట్టలు తడిసిన రోజు సంగతి మాత్రం చెప్పలేదు. పరమేశ్వర్ మిగిలినవాళ్లను బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు.

“తగ్గుతదా గట్ల చేస్తె?” గొంతు తగ్గించి అడిగాడు. పొద్దంతా తెరల ముందు కూర్చునే మనిషి అతను. “నాకు షుగరొచ్చి నాలుగేండ్లాయె. ఇంట్ల తప్ప ఎవరికి తెల్వదు. నువ్వు చెప్పకు.”

“చెప్ప సార్. తగ్గిందో లేదో తెలిసెటందుకు మళ్ల పరీక్షకు ఇంక నెలున్నది.”

“లేసి నిలవడు, నేనేమన. బయటికి మాత్రం రావద్దు.”

అప్పుడు త్రివేణికి ధైర్యం వచ్చింది. “సార్, బయట లైన్ల మిషిని వట్టుకొని తిరిగే డ్యూటీ ఇయ్యుండ్రి. బండి అద్దం మీది టోల్ స్టిక్కర్‌ను గేటు చదవకుంటె, దగ్గరికి పోయి మిషిని చూపెట్టుడే గద.”

“అది మొగోళ్ల డ్యూటీ.”

“గట్లని ఎవలు రాసిండ్రు సార్?”

పరమేశ్వర్ ఒక తెల్ల కాగితం ముందుకు జరిపాడు. “దరఖాస్తు రాసియ్యి. పైకి పంపుత.”

నెల తర్వాత పరీక్షలో ఏడు పాయింట్ నాలుగు వచ్చింది. “గోలి సగం, నీ పిక్కలు సగం,” అంది డాక్టరమ్మ సంతోషంగా.

“ఇంకెన్ని నెలలు చెయ్యాలె మేడం?”

“ఎప్పటికీ చెయ్యాలె అక్కా. రెండు మూడు రోజులు ఆపితే కండ మళ్ల మొదటికే వస్తది.”

ఏదో ఒక గడువు చెబుతుందని ఆశపడింది త్రివేణి. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ మడిచి సంచిలో పెట్టుకొని, ఆటో ఎక్కి నేరుగా డ్యూటీకి పోయింది. వెళ్తూనే బదులు మనిషి గురించి అడిగింది. ఆ ఒక్కడినీ వేరే షిఫ్టుకు పంపారట. దరఖాస్తు పైకి పోయిందో లేదో ఎవరికీ తెలియదన్నారు.

బూత్‌లోకి పోకముందే ఆమె రెండో దరఖాస్తు రాసింది. ఈసారి డాక్టర్ చీటీ జత చేసి, అందినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టమంది. పరమేశ్వర్ పెన్ను పట్టుకొని ఆగాడు.

“మళ్లానా?”

“మళ్లా సార్. జవాబు రాకుంటె వచ్చే నెల ఇంకోటి.”

అతను సంతకం పెట్టాడు.