కొంగుల దాచిన బొటనవేలు

మొయినాబాద్ పక్కన మా ఊర్ల గ్రామసభ అంటే చాయ్ తాగి, ఖాళీ రిజిస్టర్ల సంతకం పెట్టి ఇంటికి పోవుడే. ఫాంహౌజ్‌ల తోటపని చేసే ఒక ముసలి అవ్వ మాత్రం బొటనవేలు కొంగుల చుట్టుకొని కూసునేది. "ముందుగాల రాసి, సదివి ఇనిపియ్యుండ్రి. అటెంక ఏలుముద్ర ఏస్త" అనేది.

నేను హైటెక్ సిటీల కొత్తగ కొలువుల చేరిన ఏడు, ఆమె పోరు పడలేక పంచాయతీ కార్యదర్శి ముందుగాలనే తీర్మానం రాసిండు గని చదవలే.

"నీకు సదువొస్తదా అవ్వా?" అని కసురుకున్నడు.

"నాకు రాదు. గీ పిల్లకొస్తది" అని నా చెయ్యి పట్టి లేపింది.

సభల ఎన్నడు నోరిప్పని నేను రిజిస్టర్ అందుకొని చదివిన. మేమడిగిన మంచినీళ్ల నల్లాల ముచ్చట లేదు. ఫాంహౌజ్‌లకు రోడ్డు ఉన్నది. అందరు లొల్లి పెట్టిన్రు. అది కొట్టేసి నల్లాలు రాసినంకనే అవ్వ కొంగు ఇప్పింది.

నాకు నోరిచ్చింది ఆ అవ్వనే. ఇప్పుడామె లేదు. గ్రామసభల నేనే చదువుత. చదువుడు అయ్యేదాక ఆడోళ్లందరి బొటనవేళ్లు కొంగులల్లనే ఉంటయి.