అవతలి కుర్చీ

మా పక్కగది సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. ముందు బాధ కలగలేదు. ఎంతమంది వస్తారో చూడాలనిపించింది. బతికున్నప్పుడూ ఆయన్ను చూస్తే నాకు అలాంటి ఆలోచనలే వచ్చేవి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద, ప్లైవుడ్ గోడకు అటు ఆయన, ఇటు నేను, విదేశాల్లో చదవబోయే పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాళ్లం. నా గదిలో పిల్లలు తల వంచుకుని నేను చెప్పింది రాసుకునేవారు. ఆయన గదిలో ఎదురెదురుగా రెండు కుర్చీలుండేవి. చేతి గడియారం తీసి స్టూలు మీద పెట్టి, ఎవరి మనసులో ఏముందో దానికి ఎదురు వాదించమనేవారు, రెండు నిమిషాలు.

“ఆ దేశాల క్లాసులల్ల రాసుకుంట కూసుంటే నడ్వది బిడ్డా. ఎదుటోని మాట వాని కన్న మంచిగ చెప్పు, అటెన్క కాదను,” అనేవారు.

ఆ గోల, ఆ నవ్వులు గోడ దాటి వస్తుంటే నాకు కడుపు మండేది. నా పిల్లలు ఒక్కొక్కరే అటు జారుకునేవారు.

అవి ఉద్యమం రోజులు. ఎల్బీనగర్‌లో రాస్తారోకో అంటే బస్సులుండేవి కావు, ఇద్దరం మేముండే కొత్తపేట నుంచి నడిచే వచ్చేవాళ్లం. ఆయన ముందు, నేను కావాలనే నాలుగడుగులు వెనక. ఒకరోజు ఆయన ఒక నల్లగొండ అబ్బాయిని సమైక్యం వైపు వాదించమన్నారు. అది విని నేను కిందికి దిగి, టీ కొట్టు దగ్గరున్న ఉద్యమం కుర్రాళ్లతో, పైన తెలంగాణకు వ్యతిరేకంగా పాఠాలు చెబుతున్నారన్నాను.

వాళ్లు దడదడా మెట్లెక్కారు. నేనూ వెనకే నా గదికొచ్చి గోడకు చెవి పెట్టాను. ఆయన గొంతు మారలేదు. వాళ్లను కూర్చోమని, ఒక గుంటూరు అమ్మాయిని తెలంగాణ వైపు మాట్లాడమన్నారు. హాస్టల్లో తన పక్క మంచం నల్లగొండ పిల్ల వాళ్ల నాన్నకు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయిందని ఆ అమ్మాయి చెప్పింది. “మా పొలాలకు నీళ్లు వాళ్ల జిల్లా మీదుగానే వస్తాయండి. వాళ్లడిగితే తప్పేముంది?” అంది.

గోడ అవతల చప్పట్లు మోగాయి. నా గదిలో పిల్లలూ కొట్టారు. నాకు అదే తగిలింది.

సాయంత్రం ఆయన రెండు చాయ్‌లు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. గడియారం బల్ల మీద పెట్టి, నా పిల్లలు వాక్యం ఎంత శుభ్రంగా రాస్తారో, అది తనకెందుకు చేతకాదో రెండు నిమిషాలు చెప్పారు.

“ఇగ మీరు జర నా దిక్కు మాట్లాడున్రి సార్,” అన్నారు.

క్లాసుందని లేచాను. కుర్రాళ్లను పంపిందెవరో ఆయనకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు.

నిన్న కొత్తపేటలో సంతాప సభ. వచ్చినవాళ్లను లెక్కపెడుతూ మధ్యలో వదిలేశాను, అంతమంది. గుంటూరు అమ్మాయి ఇప్పుడు తనూ పాఠాలు చెబుతోందట. “సారు గారి పక్కగది మీదే కదండీ,” అని, నన్ను మాట్లాడమని ఎదురు కుర్చీ చూపించింది. నాకు మిగిలిన పేరు అదన్నమాట. అలవాటుగా తన గడియారం తీసి నా ముందు పెట్టింది.

ఆ రోజు కుర్రాళ్లను పైకి పంపింది నేనేనని మొదలుపెట్టాను. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. గడియారం ఎవరూ తీయలేదు.